ఆయ్ అనకపోతే ఓడినట్టే

ఈమధ్య శనివారం వచ్చిందంటే మా ఇంటినిండా బంక వాసన, రంగునీళ్ళ వాసన. మామిడికుదురులో ఐదో తరగతి చదివే మా మనవరాలు బ్లెస్సీ నట్టింట్లో చార్టు పరిచి, దాని పక్కన బోర్లా పడుకుని బొమ్మలు వేస్తుంటుంది. మొన్న వేసింది ఒక అమెరికా కోతలరాయుడి బొమ్మ. వాళ్ళ టీచరుగారు ఆ దేశపు గొప్పల కథలు చదివి వినిపించి, పిల్లల చేత వేషాలు కూడా వేయించి, ఇక మీ ఇంట్లో పెద్దవాళ్ళనడిగి మీ ఊరి కోత ఒకటి బొమ్మతో సహా రాసుకురండి అన్నారట. బొమ్మలో ఉన్నది ఒక పశువుల కాపరి. అతనెంత పొడుగంటే, వానొచ్చిన రోజు తల తడిస్తే మర్నాటికి గానీ కాళ్ళు తడవవట. చెబుతూనే బ్లెస్సీ పడీపడీ నవ్వుతోంది. నేను మాత్రం నవ్వకుండా "ఆయ్" అన్నాను. కోత వింటే నవ్వు బిగబట్టుకుని, నిజమే అన్నట్టు ఆయ్ అనడం నాకు చిన్ననాడే అలవాటైపోయింది.

ఆషాఢం ముసురు పట్టిందంటే కొబ్బరి మానులు పాచి పట్టి జారతాయని దింపులవాళ్ళు చెట్టెక్కేవారు కాదు. అప్పుడు మా పేటంతా మా మామ్మ పంచలోకి చేరేది. నెలల తరబడి కాలవ బురదలో నానిన కొబ్బరి డొక్కల్ని బాది, పీచు తీసి, గుట్టగా పోసుకుని, చుట్టూ కూర్చుని తాడు పేనేవారు. అలవాటు లేనివాళ్ళు ఆ కంపుకి ముక్కు మూసుకునేవారు గానీ, మాకు మాత్రం ఆ కంపూ, మామ్మ చుట్టపొగా, చూరుకింద నిలబడ్డ తడిమేక వాసనా, ఎండాకాలంలో దాచి ఇప్పుడు బూడిదలో కాలుస్తున్న పనసగింజల కమ్మదనమూ అన్నీ కలిసిపోయి కరకరా ఆకలి వేసేది.

చేతులకి పని ఉంది గానీ నోటికి లేదు. అందుకని గొప్పల పందెం. ఒకళ్ళు కోత కోస్తుంటే మిగతావాళ్ళు ప్రతి మాటకీ ఆయ్ అనాలి. నవ్వినా, అబద్ధం అన్నా, వాళ్ళ వాటా పనసగింజలు చెప్పినవాళ్ళకి పోతాయి. తీర్పరి మామ్మ. మా అమ్మ తమ్ముడు ఇస్సాకు మావయ్య ఏనాడూ ఓడిన పాపాన పోలేదు. వరదకి పులసచేపలు కొబ్బరిచెట్టెక్కి, బొండాలు తాగేసి, ఖాళీవి కిందకి విసిరితే తన నెత్తి బొప్పికట్టిందనేవాడు. గాలివానకి కొబ్బరిమట్ట పట్టుకుని ఎగిరి రావులపాలెం అరటిమార్కెట్లో దిగితే, అక్కడివాళ్ళు గెల అనుకుని లారీకెత్తేశారనేవాడు.

"పచ్చిగెలా, పండుగెలా ఇస్సాకూ?" అని మామ్మ అడిగేది.

"పచ్చిదేనండత్తా. పండితే అక్కడే అమ్మేద్దురు."

"ఆయ్" అనేవారందరూ, పెదాలు బిగబట్టుకుని.

పిల్లలకి ఆయ్ అనే హక్కే గానీ చెప్పే వంతు లేదు. అమ్మ ఊడుపులకి పోతే తమ్ముణ్ణి ఎత్తుకోవడం నా పని. బడిగంట మా ఇంటిదాకా వినబడేది. బడికీ నాకూ ఉన్న చుట్టరికం అంతే. అందుకే ఆ పంచలోనైనా నాకో వంతు దొరకాలని తెగ తపించిపోయేదాన్ని. తమ్ముడు నిద్రపోతే వాడి చెవిలో కోతలు చెప్పుకునేదాన్ని.

ఒకరోజు ఉండబట్టలేక, "మామ్మా, నాకూ ఒక్క వంతియ్యవా?" అన్నాను.

"ముందు ముక్కు చీదుకోడం నేర్చుకోవే" అన్నాడు మావయ్య.

మామ్మ చుట్ట నోట్లోంచి తీసింది. "చెప్పనీరా. ఇదిగో పిల్లా, ఓడిపోయేవంటే మళ్ళీ పెళ్ళయ్యేదాకా అడక్కూడదు."

తమ్ముణ్ణి దింపి మధ్యలో నిలబడ్డాను. మా తమ్ముడు కొబ్బరిచెట్టు పీకి పళ్ళు తోముకున్నాడన్నాను. ఆయ్ అన్నారు. మా మేక ఏనుగుని ఈనిందన్నాను. మావయ్య ఆవలిస్తూ ఆయ్ అన్నాడు. దాచుకున్న కోతలన్నీ ఎటు పోయాయో, ఒక్కటీ గుర్తు రాలేదు. గర్వంగా తాడు పేనుతున్న మావయ్య మొహం చూస్తే నోట్లోంచి అదే వచ్చేసింది.

"నిన్న పొద్దుటి నించి పడుకునేదాకా మా ఇస్సాకు మావయ్య ఒక్క కోతా కొయ్యలేదండీ. అన్నీ నిజాలే చెప్పేడు."

మావయ్య చేతిలో తాడు ఆగిపోయింది. "ఛా! శుద్ధ అబద్ధం! నిజాలు చెప్పాల్సిన ఖర్మ నాకేంటే?"

పంచ పంచంతా గొల్లుమంది. మావయ్య అబద్ధమన్నాడు కనక ఓడాడు, మిగతావాళ్ళు నవ్వారు కనక ఓడారు. మామ్మ అందరికన్నా ఎక్కువ నవ్వి, తన వాటాతో సహా గింజలన్నీ నా ఒళ్ళో పోసింది. అన్నీ నేనే తిన్నాను. ఆ రాత్రి నా పక్కన పడుకున్నవాళ్ళ సంగతి, పనసగింజలు తిన్నవాళ్ళకి చెప్పక్కర్లేదు. మర్నాడు మావయ్య తన పక్కనున్న పీచు జరిపి, "కూర్చోవే గురువా" అన్నాడు.

ఇప్పుడు డొక్కలు లారీల మీద మిల్లుకి పోతున్నాయి. కట్టుకునే తాళ్ళు ప్లాస్టిక్కువి. ముసురు పడితే ఎవరి ఫోను వాళ్ళది. మావయ్య పోయాడు. సమాధి రాయి మీద పుట్టిన సంవత్సరం ఎవరో ఉజ్జాయింపుగా చెక్కించారు. అదీ కోతే అయ్యుంటుంది.

ఇవన్నీ చెబితే బ్లెస్సీ బుద్ధిగా ఆయ్ అంటూ కూర్చుంది. పులసలు చెట్టెక్కాయంటే ఆయ్, మావయ్య లారీకెక్కాడంటే ఆయ్. మాటల్లో మాటగా, "నీ వయసులో నేనసలు బడి మొహమే చూళ్ళేదే. నువ్వు పలక మీద అఆలు దిద్దేవు చూడు, అప్పుడు నీ పక్కన కూర్చుని నేనూ దిద్దేను" అన్నాను.

బ్లెస్సీ లేచి కూర్చుంది. "అబద్ధం అమ్మమ్మా! పిల్లల్ని బడికి పంపకుండా ఎవరైనా ఊరుకుంటారా?"

ఎంత చెప్పినా నమ్మలేదు. నమ్మకపోగా పులసల్ని వదిలేసి ఆ సంగతే రాసింది. కొబ్బరిచెట్టంత నన్నూ, నా చంకలో తమ్ముణ్ణీ, నా కాళ్ళ దగ్గర అగ్గిపెట్టెంత బడినీ గీసింది. సోమవారం చార్టు తిరిగొచ్చింది. కింద టీచరుగారు ఎర్ర ఇంకుతో ఏదో రాశారు. కళ్ళజోడు పెట్టుకుని, కూడబలుక్కుంటూ నేనే చదివాను: "అన్ని కోతల్లోకీ ఇదే పెద్ద కోత. భేష్!"