ఫ్రాన్సిస్ పట్టిన తప్పు

ద్వారకానగర్‌లోని ఆ ఆర్కిటెక్ట్ ఆఫీసులో ఇరవై రెండేళ్లుగా ఎవరికి ఏ గీత దగ్గర అనుమానం వచ్చినా ఫ్రాన్సిస్ టేబుల్ దగ్గరికే వచ్చేవారు. గత జూన్ నుంచి రావడం మానేశారు.

ఫ్రాన్సిస్‌కి యాభై ఒకటి. ఉండేది మల్కాపురం. తండ్రి పోర్టులో క్రేన్ నడిపాడు. కొడుకు కంచరపాలెం ఐటీఐలో డ్రాఫ్ట్స్‌మన్ కోర్సు చదివాడు, పెన్సిలుతో మొదలుపెట్టి కంప్యూటర్‌కి మారాడు. అతని పెత్తనమంతా ఒక పెన్‌డ్రైవ్‌లో ఉండేది. తలుపులు, కిటికీలు, గేట్లు, వంటింటి గట్లు అన్నీ కొలతలతో సహా గీసి దాచుకున్నాడు. కావలసినవాళ్లు వచ్చి అడగాలి. అడిగినదొక్కటే ఇచ్చేవాడు, మిగతావాటికి పాస్‌వర్డ్ ఉండేది. ఊళ్లో పేరున్న డ్రాఫ్ట్స్‌మన్లందరిదీ ఇదే పద్ధతి.

జూన్‌లో ఆఫీసు యజమాని సూర్యకళ అందర్నీ పిలిచింది. "మనం వాడే సాఫ్ట్‌వేర్‌కి ఏడాది చందా కట్టడం ఆపితే మన పాత డ్రాయింగులు మనకే తెరుచుకోవట. ఇదేం బాగుంది? ఓపెన్ సోర్స్‌కి మారదాం" అంది. అలాంటి సాఫ్ట్‌వేర్‌ను ఎవరైనా ఊరికే వాడుకోవచ్చు, లోపల ఎలా పనిచేస్తుందో చూసి మార్చుకోవచ్చు. అది ఆఫీసులో ఒక్కరికే వచ్చు. చేరి ఏడాదైనా కాని ఆశాజ్యోతికి.

భీమిలిలో సముద్రానికి ఎదురుగా కట్టబోయే మూడంతస్తుల లాడ్జి పని ఆమెకు ఇచ్చారు. నెల చివరి శుక్రవారం నాటికి డ్రాయింగులు సరిగ్గా తయారైతే ఆఫీసంతా మారుతుంది, డ్రాయింగ్ విభాగం ఆమె చేతికి వెళుతుంది. లేదంటే అంతా మునుపటిలాగే, ఫ్రాన్సిస్ చేతిలోనే.

ఆశాజ్యోతి తను గీసిన తలుపుల్ని, కిటికీల్ని ఇంటర్నెట్‌లో అందరికీ కనపడేలా పెట్టేసింది. ఫ్రాన్సిస్‌కి మతిపోయింది.

"ఊరందరికీ పంచీసి కూకుంటే నీకేటి మిగుల్తాదమ్మా?"

"ఎవరో ఒకరు తప్పు సెప్తారు కదా సార్. దిద్దుకుంటాం."

ఆ జవాబు అతనికి పొగరుగా వినిపించింది. సూర్యకళ గదిలోంచి "ఫ్రాన్సిస్!" అన్న కేక వారానికి ఒకటో రెండో. "ఆశా!" అన్నది పూటకి అయిదారు. లెక్కపెట్టకూడదనుకుంటూనే లెక్కపెట్టాడు. జ్వరమని రెండు రోజులు సెలవు పెట్టి ఫోన్ పక్కనే పెట్టుకున్నాడు. చర్చి పాటల ప్రాక్టీసుకి రమ్మని తప్ప ఒక్క కాల్ రాలేదు.

ఆ చివరి వారంలో మంగళవారం, ఆమె కంప్యూటర్ తెర వైపు ఓరగా చూస్తూ ఒక తప్పు పట్టేశాడు. కిటికీ పైన సన్‌షేడ్ ఉంది. దాని అడుగున, అంచు వెంబడి, వేలు పట్టేంత గాడి లేదు. ఆ గాడి ఉంటే వాననీరు అక్కడే ఆగి కిందికి రాలుతుంది. లేకపోతే అడుగునే పాకుతూ గోడలోకి దిగుతుంది. సముద్రం మీంచి ఏటవాలుగా కొట్టే వానకి రెండేళ్లలో గోడ నల్లబడుతుంది. పైగా ఆమె ఒక్క కిటికీని నమూనాగా గీసి, లాడ్జిలోని నలభై రెండు కిటికీలనూ దానిలోంచే తీసింది. నలభై రెండూ తప్పే.

అతనికి ఆ పూట అన్నం రుచిగా తగిలింది.

ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు. అయితే వాన వచ్చి ఆ తప్పు బయటపెట్టాలంటే రెండేళ్లు పడుతుంది, సూర్యకళ నిర్ణయం శుక్రవారమే. సాయంత్రం కింద ప్రింట్ల షాపు నడిపే కన్నబాబుతో సంగతి చెప్పాడు.

"మేడమ్ కాడికెళ్లి సెప్పీ బావా" అన్నాడు కన్నబాబు.

"లోపల సెప్తే లోపలే సద్దీసుకుంటారు. లోకమంతా సూడాల. ఆ ఇంటర్నెట్‌లో తప్పులు రాసే పేజీ ఉందంట కదా, తియ్యి."

"అయితే పేరు మార్సి రాయి. నువ్వని తెలిస్తే బాగోదు."

"ఎందుకు మార్సాల? కనిపెట్టింది నాను కదా!"

కన్నబాబు నవ్వుతూ కంప్యూటర్ అతని వైపు తిప్పాడు. ఫ్రాన్సిస్ గంటసేపు కూర్చుని రాశాడు. గాడి ఎంత వెడల్పు ఉండాలో, అంచుకి ఎంత లోపలికి ఉండాలో బొమ్మ గీసి పెట్టాడు. మల్కాపురంలో తన ఇంటి వెనక గోడ మీది మరకల ఫొటో జతచేశాడు. కింద తన పూర్తి పేరు, అనుభవం ఇరవై రెండేళ్లని రాశాడు. అంత శ్రద్ధగా అతను ఈ మధ్య ఏ పనీ చేయలేదు.

బుధవారం పదింటికి, ఆశాజ్యోతి ఏడుపు ముఖం చూద్దామని ఆఫీసులో అడుగుపెట్టాడు. ఆమె కుర్చీలోంచి లేచి ఎదురొచ్చింది.

"సార్, ఎంత బాగా రాసారు! నమూనాలో ఒక్కసోట గాడి పెట్టాను, నలభై రెండిట్లోనూ వచ్చీసింది. పది నిమిషాల పని. కొచ్చి నుంచి జార్జని ఒకాయన మీకు థ్యాంక్స్ సెప్పాడు. ఆళ్ల ఆఫీసులోనూ ఇదే కిటికీ వాడతన్నారంట."

ఆమె ముఖంలో సిగ్గు గానీ కోపం గానీ ఎక్కడా లేవు. ఫ్రాన్సిస్ వెతికాడు.

సూర్యకళ గదిలోంచి బయటికి వచ్చింది. "శుక్రవారం దాకా ఎందుకు, తేలిపోయింది. పాత పద్ధతిలో అయితే ఈ తప్పు గోడ తడిశాక గానీ తెలిసేది కాదు. ఫ్రాన్సిస్, మీ వల్లే నాకు ధైర్యం వచ్చింది. అందరం మారిపోదాం. డ్రాయింగ్ ఆశ చూస్తుంది."

చప్పట్లు కొట్టారు. వాటిలో తనకి ఎన్ని, ఆమెకి ఎన్ని అన్నది అతనికి తేలలేదు.

మధ్యాహ్నం టీ దగ్గర కన్నబాబు అడిగాడు. "ఏటి బావా, ఏడిసిందా?"

"నవ్వింది."

"మరి నీ కుర్సీ?"

"పోయింది. నానే తోసీసాను" అని ఫ్రాన్సిస్ టీ సగంలో వదిలేశాడు.

పైకి వచ్చి తన టేబుల్ దగ్గరికి వెళ్లలేదు. ఆశాజ్యోతి పక్కన నిలబడ్డాడు.

"ఆ కొచ్చి ఆయన ఇంతవరకూ ఎన్ని తప్పులు పట్టాడు?"

ఆమె చూసి చెప్పింది. "ముప్పై ఒకటి సార్."

"నాను?"

"ఒకటి."

ఫ్రాన్సిస్ తెర మీద జార్జ్ పేరునీ, దాని కింద తన పేరునీ చూశాడు. తర్వాత పక్క కుర్చీ లాక్కుని కూర్చుని, కళ్లజోడు తుడుచుకున్నాడు.

"బాత్రూముల డ్రాయింగులు తెరువు" అన్నాడు.