రెండు చాపలు ఇస్తానన్నాను

ఎవరేమన్నా అది అచ్చంగా అదేనని నమ్మిన రోజులు నాకూ ఉండేవి. రోజూ డైరీ రాసే అలవాటు వల్ల వచ్చిన జబ్బు కావచ్చు. విన్నమాట విన్నట్టు ఎక్కించుకుంటే నా పని అయిపోయిందనుకునేవాణ్ణి. వ్యవసాయ శాఖలో గుమాస్తాగా నన్ను మక్తల్‌కు కొత్తగా వేసినప్పుడు ఒక దర్జీ ఇంట్లో కిరాయికి దిగాను. ఆయన్ని చాచా అనేవాణ్ణి. వాకిట్లో కుట్టుమిషన్, దాని ముందు ఆయన, పక్కనే నా గది.

ఎండాకాలం మొదట్లో చాచా మిషన్ ఆపి, "సారూ, గా రూముల గాలాడుతలేదేమో, జర ఉక్కగుంటదేమో" అన్నాడు. "లేదు చాచా, మంచిగనే నిద్ర పడుతాంది" అన్నాను. (ఆయన ముఖం ఎందుకు చిన్నబోయిందో డైరీలో లేదు.) నెల తర్వాత, "ఆఫీసు మీకు దూరమైతాంది. బస్టాండు కాడ మంచి జాగలున్నయంట" అన్నాడు. నిజమే కదా అని పాత సైకిలొకటి కొని తెచ్చి, "నీ మాట మీదనే కొన్న చాచా" అని చూపించాను. పాపం, ఆయనే పంపు తెచ్చి గాలి కొట్టాడు. చివరికి ఒకనాడు, "బిడ్డ పెండ్లి దగ్గరికొచ్చె. రాయచూరు చుట్టాలు దిగుతరు. గింత ఇంట్ల యాడ పండవెట్టాల్నో ఏమో" అని నా గది వైపే చూస్తూ నిట్టూర్చాడు. "ఫికర్ చెయ్యకు చాచా, నా దగ్గర రెండు చాపలున్నయి, ఇస్త" అన్నాను. తలుపు తెర వెనక ఎవరో ఆపుకోలేక నవ్వారు. (పెళ్లికూతురే.)

మర్నాడు ఆఫీసులో ఈ ఔదార్యం చెప్పుకుంటే అటెండరు నెత్తి కొట్టుకున్నాడు. "ఓ సారూ! గాయన ఇన్ని దినాల సంది రూము ఖాళీ చెయ్యమంటుండు. ఇంట్లున్నోన్ని లేవమని నోటితోని ఎవలన్న అంటరా?" పెళ్లికి వారమే ఉంది. ఆ సాయంత్రమే సామాను సైకిలుకు కట్టాను. చాచా అడ్డం వచ్చి, "అరె, మేము పొమ్మన్నమా?" అన్నాడు. అదీ రాసుకున్నాను.

అప్పటి నుంచి ప్రతి మాటనూ తిరగేసి చూడటం నేర్చుకున్నాను. రాష్ట్రం వచ్చి, నేను రిటైరై, ఇన్నేళ్లకు మొన్నీమధ్య ముందురోజే ఫోన్ చేసి మక్తల్ వెళ్లాను (ఊరు అక్కడే ఉంది, జిల్లాయే మారింది). చాచాకు చూపు తగ్గింది. మిషన్ మీద గుడ్డ కప్పి ఉంది. "ఇయ్యాల ఉండి పోండ్రి సారూ, మీ రూము ఖాళీగనే ఉంది" అన్నాడు. మర్యాదకు అంటున్నాడని ఇట్టే గ్రహించాను. చాయ్ తాగి బస్సెక్కాను.

తెల్లవారి ఆయన బిడ్డ ఫోన్ చేసింది. "ఏందన్నా, మా అబ్బా నిన్న పొద్దటి సంది రూము ఊడ్పిచ్చి, మంచమేపిచ్చి, కొత్త దుప్పటి పరిపిచ్చిండు. మీరేమో చాయ్ తాగి లేస్తిరి. రాత్రి బువ్వ గూడ సరింగ తినలే." శుక్రవారం వచ్చి ఉంటానన్నాను. "రాండ్రి. చాపలు మాత్రం తేకుండ్రి" అంది.

ఇది పరిహాసమేనా అని మా ఆవిడను అడిగాను. ఆమె నా వంక ఒకసారి చూసి లోపలికి పోయింది. ఆ చూపుకు అర్థం తెలిశాక రాద్దామని డైరీలో ఒక పంక్తి ఖాళీగా ఉంచాను.