మేకుకు వేలాడుతున్న క్లచ్ వైరు

షెడ్డు ముందు సంతాపానికి సమావేశమైన పెద్దలకు, మెకానిక్ సోదరులకు, టీ కొట్టు మిత్రునికి నమస్కారములు.

ఈ ఉత్తరం పైన తేదీ వేయలేదు. తేదీ లేని లేఖలకు ముప్పై ఏళ్ళపాటు మార్కులు తగ్గించినవాణ్ణి కనుక, మరచిపోయానని ఎవరూ అనుకోవద్దు. ఇందులోని మాట నేను ఎనిమిదేళ్ళ క్రితమే చెప్పవలసినది. ఈనాటి తేదీ వేస్తే ఆ ఆలస్యం కొట్టవచ్చినట్టు కనబడుతుందని సిగ్గుపడి మానుకున్నాను.

మొన్న ఉదయం నేను పత్రికలోని అచ్చుతప్పులకు ఎర్రసిరా పెట్టుకుంటూ ఉండగా టీ కొట్టు మిత్రుడు పలాస నుంచి ఫోను చేశారు. "మేస్టారూ, మన మెకానిక్ బావ పోనాడండి. తెల్లారి నేపితే నెగనేదు" అని, నిద్రలోనే పోయిన సంగతి చెప్పి ఫోను పెట్టేశారు. వరండాలో ఉన్న మోటారుసైకిలు దగ్గరకు వెళ్ళి క్లచ్ పట్టి చూశాను. మెత్తగా కదిలింది. ఆ మెత్తదనం ఆయన పెట్టినది. దానికి ముందు కొంతకాలం ఉన్న బిగుతు నేను పెట్టినది. ఈ ఉత్తరం ఆ బిగుతును గురించి.

ఆ బండి మా నాన్నగారిది. గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి ఉండే పాతకాలపు బండి. నాన్నగారి తరువాత ఇరవై ఏళ్ళు మా తోట పాకలో కొబ్బరి మట్టల కింద పడి ఉంది. పందొమ్మిది వందల తొంభైల చివర నేను పదవీ విరమణ చేసి ఇంట్లో కూర్చున్నాక, పాలవాడి మాటలను, పెళ్ళి శుభలేఖలను దిద్దుతూ ఉండడం చూసి మా ఇంటావిడ విసిగిపోయి, ఆ బండినైనా బాగుచేయించుకోండి, మనుషులను వదిలేయండి అంది. టెక్కలిలో చూసినవారందరూ పాత ఇనుముకు ఇచ్చేయమన్నారు. పలాసలో ఈ షెడ్డుకు తెచ్చాను. మెకానిక్ గారు బండి చుట్టూ రెండుసార్లు తిరిగి, పనిముట్ల పెట్టె మూత తీశారు. లోపల ఎలుక గూడు ఉంది. "ఎలక పిల్లల్తో కాపరం సేసిందంటే బండి గట్టిదేనండి" అన్నారు.

ఇంజను దింపి నాలుగు నెలలు పని చేశారు. విప్పిన ప్రతి మరనూ కిరసనాయిలులో కడిగి, విప్పిన వరుసలోనే తెల్ల గుడ్డ మీద పేర్చేవారు. పద్యానికి ప్రతిపదార్థం చెప్పేవాడు కూడా అంతటి శ్రద్ధ చూపడు. ఆ సమయంలో ఆయనతో ఎవరూ మాట్లాడకూడదు. నాకు ఊరుకోవడం చేతకాదు కనుక, షెడ్డు బోర్డు మీది తప్పులను సుద్దముక్కతో సరిచేస్తూ కూర్చునేవాణ్ణి. ఆయన తలెత్తి చూసి, "అలగే కానీయండి. మీరు బోర్డు సూసుకోండి, నాను బండి సూసుకుంతాను" అన్నారు. ఆ ఏర్పాటుకు నేను కట్టుబడి ఉంటే ఈ ఉత్తరం వ్రాయవలసిన అవసరం ఉండేది కాదు.

బండి ఇంటికి వచ్చిన రెండో నెలలో క్లచ్ వైరు కొస మీద చిన్న తుప్పు మచ్చ కనిపించింది. మాది టెక్కలి దగ్గర, ఉప్పుగాలి తగిలే ఊరు. ఆ వారమే భావనపాడు తీరంలో నా పూర్వ విద్యార్థి ఒకడు తన పడవ చెక్కలకు జీడిపిక్కల నూనె పూస్తూ కనిపించాడు. పిక్కల తొక్కల నుంచి తీసే ఆ నల్లటి నూనె పూస్తే ఉప్పునీరు కూడా దగ్గరకు రాదని చెప్పాడు. నేను ఒక సీసా అడిగి తెచ్చుకున్నాను. కాగితంతో గరాటు చుట్టి, క్లచ్ వైరు గొట్టంలోకి సీసాలో సగం పోశాను. ఎండితే బంకలా గట్టిపడడమే ఆ నూనె గుణమని, పడవకు కావలసింది కూడా అదేనని నాకు తట్టలేదు. తెలివైన పని చేశానని సాయంకాలం దాకా సంతోషించాను.

పది రోజుల్లో క్లచ్ బిగుసుకుంది. ఉదయం పూట రెండు చేతులతో లాగినా సగమే వచ్చేది. గేరు వేస్తే కొబ్బరికాయ కొట్టిన చప్పుడయ్యేది. టెక్కలి దాకా రెండో గేరులోనే వెళ్ళేవాణ్ణి. సైకిళ్ళవాళ్ళు నన్ను దాటిపోతూ వినయంగా నమస్కారం పెట్టేవారు. కార్తీక సోమవారం రావివలసలో, మల్లికార్జునస్వామి దర్శనానికి వెళ్ళే జనం మధ్య న్యూట్రలు దొరకక బండి ఆగిపోయింది. ఒక ముసలమ్మ నన్ను, బండిని మార్చి మార్చి చూసి, "దిట్టి తీయించు బాబూ, ఇద్దరికీని" అంది.

విచిత్రమేమిటంటే, ఎండలో పలాస చేరేసరికి నూనె కొంత కరిగి గేర్లు కాస్త పడేవి. మెకానిక్ గారు నడిపి చూసి, బాగానే ఉందే అని ఆశ్చర్యపోయేవారు. అయినా నా మాట తీసివేయక, మొదటిసారి గేరుబాక్సు ఆయిలు మార్చారు. రెండోసారి క్లచ్ ప్లేట్లు విప్పి తుడిచారు. మూడోసారి గేరు లివరు తీసి, కీలు కడిగి బిగించారు. వైరు మాత్రం విప్పలేదు. అది ఆయన చేతితో వేసిన కొత్త వైరు. పైగా మూడుసార్లూ నన్ను అడిగారు: "మేస్టారూ, మీరు గానీ ఏటైనా పూసేరా?"

"యంత్రాలతో ప్రయోగాలు చేసే అలవాటు నాకు లేదు" అన్నాను. చక్కటి వాక్యం. నిజం కాకపోవడం ఒక్కటే అందులోని లోపం.

ఆయన నా మాటను నమ్మారు. ఎదుటి టీ కొట్టు మాత్రం ఊరుకోలేదు. "బావా, నీ సెయ్యికి వయసొచ్చీసిందేటి? మేస్టారి బండి గేరు నీకు లొంగనేదట" అని మొదలైంది. ఈ షెడ్డుకు తప్ప మరో చోటికి వెళ్ళని బండ్లు రెండు మూడు, కాశీబుగ్గలో కొత్తగా పెట్టిన షెడ్డు దారి పట్టాయి. ఒక రోజు ఆయన రెంచి పక్కన పెట్టి, తన చేతులను తిప్పి తిప్పి చూసుకోవడం నేను చూశాను. అప్పుడు కూడా నేను సుద్దముక్క తీసుకుని బోర్డు వైపు తిరిగాను.

ఆ తరువాతి వారం ఆయన నాకు చెప్పకుండా మొదటి బస్సుకు మా ఊరు వచ్చారు. ఎండ తగలకముందు బండిని చూడాలట. క్లచ్ ఒకసారి పట్టి చూసి, వైరు విప్పారు. ముదురు పాకంలో నుంచి లాగినట్టు సాగుతూ వచ్చింది. ముక్కు దగ్గర పెట్టుకున్నారు. ఆయన భార్య జీడిపప్పు ఫ్యాక్టరీలో పిక్కలు కొట్టే పని చేస్తారు. ఆ వాసన ఆయనకు ఇంటి వాసన. ఆయన నా వైపు చూశారు. నేను కొబ్బరిచెట్ల వైపు చూశాను. సరిగ్గా అప్పుడు మా ఇంటావిడ టీ తెచ్చి, మీరు నూనె పోసినది ఆ వైరులోనే కదండీ, మిగిలిన సగం సీసా కూడా తీసుకురమ్మంటారా అని నన్ను అడిగింది.

మెకానిక్ గారు టీ అందుకుని, "ఒద్దమ్మా. వైరే నాసిది. నాను సూసి ఎయ్యవలిసింది" అన్నారు.

తెచ్చుకున్న కొత్త వైరు వేశారు. గేర్లు ఒకదాని తరువాత ఒకటి చప్పుడు లేకుండా పడ్డాయి. బస్సు కోసం నిలబడినప్పుడు నేను ఏదో చెప్పబోయాను. ఆయన వారించారు. "మేస్టారు అబద్ధమాడేరంటే మీకాడ సదువుకున్నోలంతా బెంగెట్టుకుంతారు. నా సెయ్యి తప్పిందంటే టీ కొట్టుకి రెండ్రోజుల కబురు. అంతేనండి." తరువాత సంచిలో నుంచి చిన్న నూనె డబ్బా తీసి నా చేతిలో పెట్టి, "పడవకి పడవ నూని, బండికి బండి నూని" అన్నారు. బస్సు ఎక్కారు.

రెండు రోజులకు ఆయన బొటనవేలు బొబ్బెక్కి, తోలు ఊడి నల్లబడింది. తోలు కాల్చే ఆ జీడి నూనె తగిలిన చేతిని పలాసలో గుర్తుపట్టనివారు ఉండరు. అందుకే ఆయన దానికి గుడ్డ చుట్టుకుని, సైలెన్సరు కాలిందని అందరికీ చెప్పారు. మేమిద్దరమూ అబద్ధాలే చెప్పాము. మచ్చ మాత్రం ఆయన చేతికే పడింది.

నాసిరకం వైరు వేశానని టీ కొట్టులో తనే చెప్పుకున్నారు. రెండు రోజుల కబురు అన్నది ఎనిమిదేళ్ళు నడిచింది. ఎవరు కొత్త బండి తెచ్చినా, "వైరు సూసుకో నాయనా, మేస్టారికేసినట్టు ఏసీగలడు" అని టీ కొట్టులో నుంచి కేక వచ్చేది. ఆయన అందరితో కలిసి నవ్వేవారు. ఆ పాత వైరును షెడ్డు గోడకు మేకు కొట్టి తగిలించారు. దుమ్మంతా అంటుకుని గొంగళిపురుగులా తయారైంది. తీసి పారవేయమని ఒకసారి బతిమాలాను. "పాత సరుకండి. పారేత్తే మరి దొరకదు" అన్నారు. చిలిపితనమో, దయో నాకు ఈనాటికీ తెలియదు.

నెలకొకసారి నిజం చెప్పివేయాలనే బయలుదేరేవాణ్ణి. 'చింతిస్తున్నాను' అనాలా, 'విచారిస్తున్నాను' అనాలా అని టెక్కలి నుంచి పలాస దాకా తర్కించుకునేవాణ్ణి. మాట కుదిరేసరికి షెడ్డులో జనం ఉండేవారు. జనం లేని రోజున మాట కుదిరేది కాదు. కిందటి నెల కూడా అంతే. ఆయన ఎప్పటిలాగే ఆ నల్లటి బొటనవేలితో నా క్లచ్ నొక్కి చూసి, "బాగుందండి, ఎల్లిరండి" అన్నారు. వెళ్ళివచ్చాను.

ఇప్పుడు వాక్యాలు కుదిరాయి. ఆయన వేసిన మొదటి వైరు మంచిది. ఆయన చెయ్యి తప్పలేదు. తప్పు చేసినవాణ్ణి, దాచినవాణ్ణి నేను.

ఈ ఉత్తరాన్ని అందరి ఎదుట బిగ్గరగా చదవాలని నా మనవి. టీ కొట్టు మిత్రుడే చదవాలి. ఎనిమిదేళ్ళు ఆ కేక వేసిన గొంతు అది, రోడ్డు అవతలికి కూడా వినిపిస్తుంది. ఉచ్చారణ ఎలా ఉన్నా నేను వెనక వరుసలో నోరు మెదపకుండా నిలబడతాను. నవ్వు వస్తే ఎవరూ ఆపుకోవద్దు. చదవడం ముగిశాక ఒక్కసారి అందరూ గోడ మీది మేకు వైపు చూడండి. నూనె అంతగా గట్టిపడింది కనుక ఆ వైరు నేటికీ తిన్నగా కిందికి వేలాడదు. మా నాన్నగారి బండి హ్యాండిలు దగ్గర ఎలా వంగి ఉండేదో, బండి నుంచి విడిపోయినా, అలాగే వంగి ఉంటుంది.