టమోటా బాక్సులతో కుక్కకి కట్టిన ఇల్లు

తెల్ల కుక్క ఒక్క పూటలో ఎర్ర కుక్క ఎట్లయితాదో మీకు తెలుసా? నాకు తెలుసు. బస్సు నిండా జనం ముందర తెలుసుకున్నా. సెప్తా వినండి, మధ్యలో నవ్వొద్దు.

అప్పుడింకా అందరి సేతుల్లో సెల్లులు లేవు. మదనపల్లెలో టమోటా మార్కెట్ పక్కనే నాకు సుతిలి దారం, గోనెసంచుల అంగడి ఉండింది. కుప్పంలో మా వదిన, అంటే నా పెండ్లాం సరళ వాళ్ళక్క. ఆమెకి బబ్లీ అని ఒక పొమేరియన్ కుక్క. ఇంతే ఉంటాది, పత్తి ఉండ మాదిరి. పిల్లల్లేరు కదా, అదే ఆమెకి బిడ్డ. అది అన్నం తినకపోతే ఈమె కూడా తినదు, అట్లా.

ఒకసారి వాళ్ళు బెంగుళూరులో పెండ్లికి పోవాల్సి వచ్చి, బబ్లీని మా ఇంట్లో విడిసిపెట్టింది. దాన్ని నా సేతికిస్తా కండ్లలో నీళ్ళు పెట్టుకునింది. "ఏమప్పా, వీధి కుక్క ఒకసారి దీని మెడ పట్టేసిండాది, దేవుడే బతికించినాడు. నువ్వు పానం మాదిరి సూసుకోవాల."

"నువ్వు నిశ్చింతగా పో వదినా! నేనుండాను కదా!"

ఈ మాటన్నప్పుడు సరళ నా వైపు ఒక సూపు సూసింది. అప్పుడే అర్థం సేసుకోవాల్సింది.

ఇంట్లో పెడదామంటే సరళ ఒప్పుకోలా. "బొచ్చు రాలితే ఊడ్సేది నువ్వా, నేనా?" అనింది. బయట పెడదామంటే మా పెరట్లో గోడ నడుము ఎత్తే. వీధి కుక్కలు, కోతులు, పక్కింటి ఆవు, అందరికీ మాదే దారి. సేఫ్టీ కావాల. అప్పుడు నా బుర్రలో లైటు ఎలిగింది. టమోటా బాక్సులు!

సూడండి, ప్లాస్టిక్ బాక్సు. గాలి ఆడతాది, కుక్క కొరికినా ఏం కాదు, ఒకదాని మీద ఒకటి పెడితే గోడ! మార్కెట్లో టమోటా మండీ నడిపే రెడ్డెప్ప నా స్నేహితుడే. "రెడ్డెప్పా, రెండు దినాలకి ఖాళీ బాక్సులు ఇయ్యప్పా" అంటే, "తీసుకో, దానికేముండాది" అని ఆటోలో ఏయించినాడు.

కడితినప్పా! మూడు వరసల ఎత్తు. మన అంగడి సుతిలితోనే బిగదీసి కడితి. పైన నీడకి పచ్చ వల. ఒక మూల బెడ్రూము: బాక్సులో గోనెసంచి పరిసి, దాని మీద ఇంకో బాక్సు, దూరను సందు విడిసి బోర్లించినా. బబ్లీ నేరుగా పోయి అందులో పండుకునింది. నాకు ఛాతీ ఉబ్బిపోయింది. పక్కింటి మేస్త్రిని పిలిసి సూపిస్తి. "బాగుండాది. నువ్వు కూడా ఈడనే పండుకోవచ్చు" అన్నాడు. మెచ్చుకున్నాడనే అనుకుంటి.

రెండో దినం, సాయంత్రం వదిన రావాల. పొద్దున్నే మార్కెట్లో అందరికీ సూపిద్దామని బబ్లీని అంగడికి ఎత్తుకోనిపోతి. సరళ సూసింది. కాసేపటికి ఎండ ఎక్కువయిందని తెచ్చి, పెరుగన్నం పెట్టి, బెడ్రూములో పండుకోబెట్టి మళ్ళీ అంగడికి పోయినా. ఇది సరళ సూడలా. ఆమె బట్టలు ఆరేస్తా మిద్దె మీద ఉండింది. సెప్పాలని నాకూ తోసలా.

మద్యానం అన్నానికి ఇంటికొస్తే పెరడు ఖాళీ! గోడ లేదు, బెడ్రూము లేదు. పచ్చ వల ఒకటి నీట్ గా మడత పెట్టి ఉండాది.

"సరళా! ఇల్లు యాడ?"

"మండీ టెంపో వచ్చిండెనయ్యా. తీసుకపోమంటావా అక్కా అని అడిగినాడు. తీసుకపో నాయనా, పెరడు నాకు మిగులుతాది అంటి."

"కుక్క?"

"నువ్వు అంగడికి తీసుకపోలా?"

ఇద్దరం ఒకరి మొగం ఒకరం సూసుకుంటిమి. ఆమె సేతిలో గరిటె కింద పడింది.

తరవాత తెలిసిందేమంటే, రెడ్డెప్ప మండీ బాక్సులకి నీలం గీత ఉంటాది. బాక్సులు ఎప్పుడూ తగ్గిపోతా ఉంటాయి, తిట్లు డ్రైవర్ గంగులప్పకి. అందుకని ఊర్లో యాడ నీలం గీత కనపడినా ఆయన టెంపో ఆపి ఎత్తేస్తాడు. నేను రెడ్డెప్పకి సెప్పినా, గంగులప్పకి ఎవరు సెప్పాల?

ఎస్టీడీ బూతుకి పరిగెత్తి మండీకి ఫోన్ సేస్తి. రెడ్డెప్ప నిదానంగా, "టెంపోనా? పుంగనూరు రోడ్డులో రైతులకి ఖాళీలు దించను పోయిండాది. రేపు పొద్దున కోతలు కదా" అన్నాడు.

పుంగనూరు రోడ్డు! వదిన బస్సు వచ్చేదీ ఆ రోడ్డులోనే! అన్నం లేదు, ఏమీ లేదు, స్కూటర్ ఎక్కేస్తి. తోట కనపడితే ఆపడం, "అన్నా, మీ బాక్సుల్లో కుక్క వచ్చిందా?" అని అడగడం. ఒకాయన బీడీ ఆర్పి మరీ నవ్వినాడు. "మాకు ఎప్పుడూ ఖాళీ బాక్సులే ఇస్తారప్పా."

ఒక మలుపులో గంగులప్ప టెంపో ఎదురొచ్చింది. స్కూటర్ అడ్డం పెట్టేస్తి.

"కుక్కా?" అని తల గోక్కున్నాడు. "ఒక బాక్సుల జత కొంచెం బరువుగా ఉండింది సార్. అడుగున పండ్లు ఉండాయేమో అనుకుంటి."

"అరవలేదా అది?"

"లేదు సార్. మంచి కుక్క."

ఇంట్లో ఆకు రాలినా అరిసే కుక్క! పెరుగన్నం మహిమ.

ఆ జత దించిన తోట సూపించినాడు. లోపలికి పోతానే నాకు కనపడింది ఏమో తెలుసా? బాయి. గట్టు లేని పెద్ద బాయి. నిజంగా సెప్తాండా, అప్పటిదాకా వదిన తిడతాదని భయం, ఆ నిమిషంలో మాత్రం ఆ పత్తి ఉండ ఒక్కటే కండ్ల ముందర. బాయి దగ్గర బోర్లా పండుకోని తొంగి సూస్తా "బబ్లీ! బబ్లీ!" అని అరుస్తా ఉంటే, ఎనక నుంచి ఒక ముసలమ్మ, "యాలప్పా బాయిలో అరుస్తాండావు? నీ కుక్క ఈడుండాది" అనింది.

తోట గట్టు మీద పగిలిన టమోటాలు పారేసిన కుప్ప. దాంట్లో బబ్లీ పొర్లాడతా ఉండాది! తల నుంచి తోక దాకా ఎరుపు. నన్ను సూసి, ఎవురో తెలియనట్టు మళ్ళీ పొర్లింది.

"బాక్సులో నుంచి ఎగిరి దూకితే మా కోడలికి గుండె ఆగినంత పనాయ" అనింది ముసలమ్మ. "సంగటి పెడితే తినింది. నాటు కుక్కే కదా?"

"పొమేరియన్ అవ్వా."

"అదే, ఆ పక్క ఊరే కదా?"

కడుగుదామంటే కరెంటు లేదు, మోటార్ ఆడదు. ఎత్తుకుంటే నా తెల్ల చొక్కా ముందరంతా ఎరుపు. కానీలే, వదిన రాకముందే ఇంట్లో కడుగుదామని, దాన్ని స్కూటర్ ముందర నిలబెట్టుకోని బయలుదేరితి. ఎనకనే బస్సు హారన్. దారిస్తి. బస్సు పక్కకి వచ్చింది. కిటికీలో వదిన!

ఆమె నా చొక్కా సూసింది. బబ్లీని సూసింది.

"అయ్యో! నా బిడ్డని సంపేసినాడే! ఆపండప్పా బస్సు!"

బస్సు ఆగింది. అందరూ దిగిపోయినారు. ఒకాయన "ఆస్పత్రికి పోనీ" అంటాడు, ఇంకొకాయన "ముందు వాణ్ణి పట్టుకోండి" అంటాడు. నేను "టమోటా! టమోటా!" అని అరుస్తాండా, ఎవురు వింటారు? చివరికి కండక్టర్ బబ్లీ ఈపు మీద ఏలు పెట్టి వాసన సూసినాడు.

"అమ్మా, ఏడవొద్దు. ఇది టమోటానే."

జనం అంతా నిట్టూర్సినారు. కొందరికి నిరాశ కూడా. అందులో ఒక రైతు ముందరికొచ్చి, "నువ్వు మార్కెట్ కాడ సుతిలి అమ్మే ఆయన కదా? ఈ పొద్దు బాక్సు రేటు ఎంత పలికింది?" అన్నాడు. నేను సెప్పినా కూడా. నోటి అలవాటు. వదిన మొగం సూడాల్సింది అప్పుడు!

ఆమె బబ్లీని కొంగులో సుట్టుకోని బస్సెక్కేసింది. ఆ ఎరుపు పట్టుచీరకి అంటింది, సూసుకోనైనా లేదు. ఊర్లోకి పోయేదాకా బస్సు కిటికీలో నుంచి బబ్లీ నన్ను సూసి అరుస్తానే ఉండింది.

ఆ తరవాత వాళ్ళకి ఇంకో పెండ్లి వచ్చింది. ఈ తూరి వదిన బబ్లీని పెండ్లికి తీసుకోనిపోయి, మా తోడల్లుణ్ణి మా ఇంట్లో విడిసిపెట్టింది. పోతా పోతా వాకిట్లో నిలబడి నాకు సెప్పింది:

"ఈయన సుట్టూ ఏమీ కట్టొద్దప్పా. కుర్చీలో కూసోబెట్టు, సాలు."