మా అమ్మ కూర్చున్న క్రిస్మస్ బల్ల

మా చిన్నప్పుడు... క్రిస్మస్ రోజు అమ్మ ఉన్నవాటిలో మంచి చీర కట్టుకుని, నన్ను వెంటబెట్టుకుని కాజీపేట రైల్వే క్వార్టర్లలో రూతమ్మ ఆంటీ ఇంటికి వెళ్ళింది. ముందు వాకిలి నుంచి కాదు... పెరటి దారిన. వెళ్ళగానే కొంగు దోపి అంట్ల ముందు కూర్చుంది.

అమ్మ ఆ ఇంట్లో పనిచేసేది. ఆంటీ "పండుగకు రా" అంటే తోమడానికే అనుకుంది. అప్పటిదాకా ఇంకోలా పిలిచినవాళ్ళు లేరు మరి...

"అయ్యో ఎల్లమ్మా! తినెతందుకు పిలిస్తే తోమెతందుకు కూసున్నవా? లే, లే!"

అమ్మ చేతులకున్న బూడిద ఆంటీయే నీళ్ళు పోసి కడిగింది. లోపలికి లాక్కెళ్ళి బల్ల దగ్గర కుర్చీలో కూర్చోబెట్టింది. నన్ను పక్కన.

ఎదురుగా సేటు. బజారులో కిరాణా దుకాణం ఆయనది. వాళ్ళింట్లో కూడా అమ్మే ఊడ్చేది. ఆయన మాంసం తినడని ఆంటీ వేరే గిన్నెలో పులిహోర చేసి పెట్టింది...

అమ్మను చూడగానే సేటు లేచి నిలబడ్డాడు.

"పనిమనిషి పక్కన తినాల్నా? జర ఆమెను వాకిట్ల కూసోబెట్టున్రి."

అమ్మ సగం లేచింది. ఆంటీ భుజం పట్టుకుని ఆపింది.

"కూసో ఎల్లమ్మా. సేటూ, మా ఇంట్ల అందరు కూసున్నంకనే ప్రార్థన. కూసుంటరా, పోతరా?"

రైల్వే గార్డు అయిన అంకుల్ నవ్వాడు. "కూర సల్లారుతాంది సేటూ. జెండా ఊపమంటవా?"

సేటు చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. ఆంటీ ప్రార్థన చేసింది. అమ్మ కళ్ళు తుడుచుకుంటూనే కడుపునిండా తిన్నది.

మర్నాడు సేటు ఇంటికి పనికి పోతే తలుపు తీయలేదు. కిటికీలోంచే... "పో, గా బల్ల మీదనే కూసో పో."

ఆ పని పోయి ఇల్లు గడవక, నేను బడి మానేసి వెల్డింగ్ షాపులో చేరాను. ఫోన్ చూసి చూసి రాయడం నేర్చుకున్నాను. ఆంటీ వాళ్ళు బదిలీ అయి వెళ్ళారు, తర్వాత ఆమె చనిపోయిందని తెలిసింది...

మొన్న ఫోన్‌లో మన కాజీపేట గ్రూపులో ఆ సేటే పోస్టు పెట్టాడు. 'ఆ రోజుల్లో క్రిస్మస్ నాడు కులం, మతం లేకుండా అందరం ఒకే బల్ల మీద తినేవాళ్ళం' అట. లైకులే లైకులు!

అమ్మకు చదివి వినిపించాను. "పోనీ తియ్ బిడ్డా, ముసలోడైండు" అంది.

పోనివ్వను. ఆంటీ ఉంటే ఆయన కోసం కూడా ప్రార్థన చేసేది. నేను ఆంటీని కాదు. పేరు రాయలేదు సేటూ... కానీ ఇది చదివే బజారంతటికీ నువ్వెవరో తెలుసు. నువ్వు తినలేదు. మా అమ్మ తిన్నది.

ఇప్పుడు క్రిస్మస్‌కు కేకు ముక్క డబ్బాలో పెట్టి గుమ్మం దగ్గరే ఇచ్చి పోతున్నారు. చెయ్యి పట్టుకుని లోపల కూర్చోబెట్టేవాళ్ళు కనబడటం లేదు...

మీ అమ్మను కూర్చోబెట్టిన వాళ్ళ గురించి కింద రాయండి. లేపినవాళ్ళ గురించి ముందు రాయండి.