బండ మీద కూర్చున్నది

మాచర్ల అవతల నాపరాళ్ల క్వారీల పక్కనున్న ఊళ్లో, నా పందొమ్మిదో ఏట, నాకొక సవతి ఉందని నమ్మాను. దానికి కారణం ఒక్క మాట.

మా ఆయన బోర్డు బడిలో పంతులు. యుద్ధం రోజులవి. కాగితం దొరక్క పాత పరీక్ష పేపర్ల వెనక వైపు ఏదో రాసుకునేవారు. వేసవి సెలవుల్లో అన్నం తినగానే తువ్వాలు నెత్తిన వేసుకుని పాడుబడ్డ క్వారీ వైపు వెళ్లేవారు. ఆ ఎండకు కుక్క కూడా బయట తిరగదు. ఎందుకని అడిగితే "ఊరికే" అనేవారు. 'ఊరికే' అన్న మొగుణ్ణి నమ్మిన ఆడది ఎక్కడైనా ఉందా?

ఒక సాయంత్రం ఆయనా, పక్కింటి క్వారీ మేస్త్రీ మా అరుగు మీద కూర్చున్నారు. నేను తలుపు వెనక బియ్యం ఏరుతున్నాను.

"ఇయ్యాల అది ఆలస్యంగా వచ్చిందిరా," అన్నారు మా ఆయన.

"నిన్ను చూసి పారిపోలా?" అన్నాడు మేస్త్రీ.

"నన్ను చూసి బెదరటం మానేసింది. మగాడొకడు ఎంటబడ్డాడు గానీ దగ్గరికి రానియ్యలా. కడుపుతో ఉంది గదా."

చేట నా చేతిలో ఆగిపోయింది. మా వైపు 'అది' అంటే గేదె కావచ్చు, గిన్నె కావచ్చు, ఇంటి ఇల్లాలూ కావచ్చు. నాకు మాత్రం ఆడమనిషే కనిపించింది. పెళ్లయి మూడేళ్లు, నా కడుపు ఇంకా పండలేదు. అనుమానానికి అంతకంటే ఎరువు ఏం కావాలి? తొండ ముదిరి ఊసరవెల్లి అయినట్టు, తెల్లారేసరికి అది పగగా మారింది.

మర్నాడు కనకాంబరాలు పెట్టుకుని, ఉతికిన చీర కట్టుకుని అన్నం వడ్డించాను. ఆయన పప్పులో ఉప్పు చాలలేదని చెప్పి లేచారు. నేను వెనకే వెళ్లాను.

ఆయన రాళ్లగుట్ట వెనక బోర్లా పడుకుని ఉన్నారు. ఎదురుగా నల్లబండ మీద ఒక రాతి తొండ కూర్చుంది. మట్టిరంగు ఒళ్లు, వీపు మీద మచ్చలు, ఉబ్బిన పొట్ట. బండ కాలుతుంటే కడుపు పైకెత్తి కాలివేళ్ల మీద నిలబడింది. కాసేపటికి తల మీంచి వీపు దాకా ఎర్రగా, పక్కలు నల్లగా ఉన్న మగది వచ్చి తల ఎగరేసి దండీలు తీసింది. ఆడది దాన్ని లెక్కచెయ్యలేదు. మా ఆయన ఊపిరి బిగబట్టి చూస్తున్నారు.

నవ్వు రావాలి. రాలేదు. మనిషి సవతి అయితే జుట్టు పట్టుకుందును, తొండకు జుట్టేది? మూడేళ్లలో ఆయన నన్ను ఒక్కసారి కూడా అలా చూడలేదు. ఇంటికొచ్చి ఆయన కాగితాలు తీసి చదివాను. అది ఎప్పుడు ఎండకు వచ్చింది, ఏ చీమను తిన్నది, ఎప్పుడు నీడకు పోయింది, అన్నీ ఉన్నాయి. చివర, "తొలకరికి గుడ్లు పెట్టవచ్చు. ఎలా పెడుతుందో చూడాలి" అని ఉంది.

తొలకరి పడిన రోజు ఆయన బడి పని మీద గురజాల వెళ్లారు. నా కాళ్లు నన్ను క్వారీకి తీసుకెళ్లాయి. బండ పక్క తడిమట్టిలో అది ముందుకాళ్లతో గుంట తవ్వుతోంది. గుడ్లు పెట్టింది. మట్టి కప్పి మూతితో గట్టిగా అదిమింది. ఒళ్లంతా బురదై, సన్నబడి, నీరసంగా బండ కిందికి పోయింది.

ఆయనకు చెప్పలేదు. తర్వాత దాని సన్నబడ్డ పొట్ట చూసి ఆయన వారం రోజులు కాలుగాలిన పిల్లిలా క్వారీ అంతా గుడ్ల కోసం వెతికారు. చూస్తూ ఊరుకున్నాను. చెడ్డదాన్నే, కానీ ఆ వారం రోజులూ నా కడుపు చల్లగా ఉంది.

నెలన్నర దాటాక ఒక ఆదివారం ఆయన దిగులుగా ఇంటికొచ్చారు.

"పిల్లలు బయటికొచ్చాయే. అసలు సంగతి నేను చూళ్లేకపోయా," అన్నారు.

ఆ ముఖం చూసి నోరు జారాను. "నేను చూశా."

తిడతారనుకున్నాను. పెన్సిలు తెచ్చుకుని నా ఎదురుగా నేల మీద కూర్చున్నారు. ఏ కాలితో తవ్వింది, ఎంతసేపు తవ్వింది, ఎట్లా పూడ్చింది అని అడుగుతూ నా ముఖంలోకే చూశారు. బండ మీదికి చూసిన చూపే అది. ఆ చూపు నా కోసం కాదని తెలుసు. అయినా వదులుకోలేకపోయాను. ఉన్నదంతా చెప్పేశాక, లేనిది మొదలుపెట్టాను.

"పోతా పోతా ఆగింది. మూడుసార్లు ఎనక్కి తిరిగి గుంట వైపు చూసింది."

ఆయన చెయ్యి ఆగింది. "మూడుసార్లా?"

"మూడే. లెక్కబెట్టా."

రాసుకున్నారు. కింద గీత కూడా గీశారు.

ఆ సాయంత్రం అరుగు మీద మళ్లీ మాటలు. నేను మళ్లీ తలుపు వెనక.

"తొండేందిరా, ఎనక్కి తిరిగి చూడటమేంది? ఎవురు చెప్పారు నీకు?" అన్నాడు మేస్త్రీ.

"అది చెప్పింది," అన్నారు మా ఆయన.

"ఏది?"

"మా ఇంట్లోది. దగ్గరుండి చూసిందంట. అది అబద్ధం చెప్పదురా."