మూడోసారీ పగిలిన బంపర్

2023 వేసవి. నెల్లూరు నుంచి కృష్ణపట్నం పోర్టుకు వెళ్ళే రోడ్డు పక్కన నా పెయింటింగ్ షెడ్డు. ఆ దారిలో కార్లకు రంగు వేసి బతకడమంటే ఒకవైపు సముద్రపు ఉప్పుగాలితో, ఇంకోవైపు బొగ్గు లారీల దుమ్ముతో రోజూ తగువు పెట్టుకోవడమే. అద్దంలా వచ్చిన తడి రంగు మీద ఒక్క నల్ల నలుసు వాలిందా, పని మళ్ళీ మొదటికి. అప్పటికే నాకు నడుం పోయింది, థిన్నర్ వాసనకు సాయంత్రమయ్యేసరికి తల పగిలిపోయేది. ఇది మూసేసి చిల్లరకొట్టు పెట్టుకుందామని రాత్రి ఇంట్లో అనేవాణ్ణి, పొద్దున్నే మళ్ళీ వచ్చి షట్టర్ ఎత్తేవాణ్ణి.

ఆ రోజుల్లో నా తల ప్రాణం తోకకు తెచ్చింది దేవదానం అన్న బండి. ముత్తుకూరు మనిషి, యాభై దాటింది. తన పాత తెల్ల కారులో పవర్ ప్లాంట్ షిఫ్టు వాళ్ళను ఎక్కించుకుని తీసుకెళ్ళి, దించి వచ్చేవాడు. ముందు బంపర్ కుడి మూల రంగు సన్నగా, వెంట్రుకల్లాగా చీలిందని తెచ్చాడు. వాళ్ళ కాంట్రాక్టు సూపర్‌వైజరు బండి మీద గీత కనిపిస్తే చాలు, ఎక్కడ గుద్దావని నిలదీస్తాడట. బండిని లిస్టులోంచి తీసేస్తే ఇల్లు గడవదని భయపడుతున్నాడు.

బంపర్ ప్లాస్టిక్‌ది. నొక్కితే వంగుతుంది, వదిలితే మామూలవుతుంది. దాని మీది రంగు కూడా దానితోపాటు వంగాలి. కింద పాత రంగు పొరలు, పుట్టీ మందంగా ఉంటే వంగలేక చీలిపోతుంది. ఈ బండికి ఇంతకుముందు ఎవరో పుట్టీ దట్టంగా మెత్తి వదిలేశారు. ఆ మూల వరకు గీకేసి, ప్రైమర్ కొట్టి, రంగేసి పంపాను.

నెల తిరక్కముందే మళ్ళీ తెచ్చాడు. అదే మూల, అవే చీలికలు. నాకు సిగ్గేసింది. ఈసారి బంపర్ మొత్తం ఊడదీసి, వాటర్ పేపర్‌తో ప్లాస్టిక్ తేలేదాకా రుద్దాను. ప్లాస్టిక్ ప్రైమర్ వేశాను. రంగులోనూ, పైన మెరుపు కోసం కొట్టే క్లియర్ కోట్‌లోనూ ఫ్లెక్స్ అడిటివ్ కలిపాను. అది కలిపితే రంగు రబ్బరులా సాగుతుంది. భుజాలు పడిపోయాయిగానీ, ఇక ఈ బంపర్ ముఖం చూడనక్కర్లేదని సంబరపడ్డాను.

జూన్‌లో మళ్ళీ వచ్చాడు. మామూలుగా ఇలాంటప్పుడు కస్టమర్లు షెడ్డు పీకి పందిరేస్తారు. ఈయన మాత్రం ఎండకు పగిలినట్టుందిలే అని నాకే సర్దిచెప్పాడు. పని చెడగొట్టినవాణ్ణి తిట్టకుండా ఓదార్చే మనిషిని చూస్తే నాకు అనుమానం రావాల్సింది. రాలేదు. అలసటలో ఒళ్ళు మండింది, అంతే.

బంపర్ ముందు గొంతుక్కూర్చుని చూస్తుంటే, పక్కన నిలబడ్డ ఆయన పాదాలు కనిపించాయి. ఎడమ కాలికి చెప్పుంది. కుడి కాలికి లేదు. ఆ కాలు షెడ్డు ముందు పరిచిన ఇనప రేకు మీదుంది. మిట్టమధ్యాహ్నం ఆ రేకు మీద నీళ్ళు చల్లితే చుయ్యిమంటాయి.

"అన్నా, చెప్పు యాడ బోయింది?" అన్నాను.

ఆయన కిందికి చూసుకున్నాడు. వెనక్కి తిరిగి చూస్తే రోడ్డంచున పడి ఉంది. దాన్ని వదిలేసి అంత దూరం నడిచి వచ్చినట్టు ఆయనకు తెలియలేదు. కాలు మాత్రం ఇంకా రేకు మీదే ఉంది. చెయ్యి పట్టుకుని నీడలోకి లాగాను. అరికాలు కందిపోయి ఉంది.

కూర్చోబెట్టి నీళ్ళిచ్చాక నిదానంగా చెప్పాడు. షుగరు ఎప్పటినుంచో ఉంది. ఏడాదిగా పాదాలకు స్పర్శ లేదు. బ్రేకు మీద కాలు ఎంత పడిందో తెలియదు. రోడ్డు మీదైతే గట్టిగా తొక్కితే బండి కుదుపు తెలుస్తుందట. ఇంటి దగ్గర మెల్లగా ఆపేటప్పుడే అంతుబట్టదు.

"గోడకి పాత టైరు కట్టినా తమ్ముడూ. బంపర్ దానికి ఆనుకుంటే ఆగినట్టు లెక్క. గీత పడదు గదా అనుకున్నా."

గీత పడలేదు, నిజమే. రోజూ అదే మూల టైరును నొక్కి నొక్కి రంగు విరిగింది. నా ప్రైమర్‌లో ఏ తప్పూ లేదని తెలిసినా గుండె తేలికపడలేదు. ఆయన వెనక సీట్లలో కునుకు తీస్తూ డ్యూటీకి పోయే మనుషులు కళ్ళ ముందు కదిలారు. రంగేసి పంపి చేతులు దులుపుకుంటే పోయేది. కానీ ఆ తర్వాత ఆ మనుషుల గురించి ఆలోచిస్తూ కూర్చునే శక్తి నాకు లేదనిపించింది.

"నేను దీనికి రంగెయ్యనన్నా. నువ్వింక నడపబాక," అన్నాను.

నేను కాకపోతే ఇంకొకడు వేస్తాడన్నాడు. అదీ నిజమే. అప్పుడు ఒక ఖాళీ ప్రైమర్ డబ్బా తెచ్చి షెడ్డు వెనక ఖాళీ స్థలంలో పెట్టి, దాని దగ్గర మెల్లగా ఆపి చూపించమన్నాను. మొదటిసారి గట్టిగా తొక్కాడు. బండి ఎగిరిపడినట్టు దూరంగానే ఆగింది. రెండోసారి మెత్తగా తొక్కబోయాడు. డబ్బా చక్రం కిందికి పోయి నలిగి రేకులా అయింది. దిగి వచ్చి ఆ రేకు ముక్కను చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు. తాళం నా చేతిలో పెట్టాడు.

"సూపర్‌వైజర్‌కి నువ్వు చెప్పబాక. నేనే చెప్తా," అన్నాడు.

బండి నేనే నడిపి ఇంటికి తీసుకెళ్ళాను. డ్రైవరు సీట్లోంచి నేను దిగడం చూసి ఆయన భార్య మరియమ్మక్క తాళం కోసం చెయ్యి చాపింది.

"బండి బయల్దేరిన కాడ్నించి తిరిగొచ్చేదాకా మోకాళ్ళ మీదే ప్రార్థనలో ఉంటన్నా తమ్ముడూ. నేను చెప్తే ఇంటేనా," అంది. తాళం కొంగులో ముడేసుకుంది.

ఇప్పుడు ఆ బండి దేవదానం అన్న బావమరిది నడుపుతున్నాడు. రాబడిలో సగం అతనికి పోతుంది, ఇల్లు ఇరుకుగానే నడుస్తోంది. మంచి జరిగిందని గొప్పగా చెప్పుకోలేను. ఆ తర్వాత నేను నేర్చుకున్నది ఒకటే. రంగు ఒకే చోట రెండోసారి పగిలితే వాటర్ పేపర్ పట్టుకునేముందు బండి ఎలా ఆపుతారో చూపించమంటాను. కొందరు విసుక్కుంటారు, విసుక్కోనీ.

మొన్నామధ్య బావమరిదితో కలిసి దేవదానం అన్న షెడ్డుకొచ్చాడు. బంపర్ చెక్కుచెదరలేదు. పలకరించి వెళ్ళిపోయేటప్పుడు మాట్లాడుతూ కిటికీ పక్కనే కొంచెం దూరం నడిచాను. రోడ్డు ఎక్కే చోట బొగ్గు లారీ అడ్డమొచ్చి కారు నెమ్మదించింది. పక్క సీట్లో కూర్చున్న ఆయన కుడికాలు, బ్రేకు లేని చోట గట్టిగా తొక్కుతూ కిటికీలోంచి కనిపించింది.